పెద్దాయన లేవని బంతి

ఈ కథను బస్టాండులో కొన్న పత్రికలో ఇవాళే మొదటిసారి చూస్తున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టాలి, లేదా ఒక పేరా దాటేయవచ్చు. నేనేమీ అనుకోను.

ఇది 2007. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక అద్దాల బిల్డింగులో పాచిక స్టూడియో అనే చిన్న కంపెనీ ఉంది. వాళ్ళు ‘బురుజులు’ అనే కంప్యూటర్ ఆట తయారుచేశారు. ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని వేలమంది ఒకేసారి ఆడుకునే ఆట. ఒకరి బురుజు మీద ఒకరు పడి కొట్టుకోవాలి, అంతే. వేసవిలో విడుదలైంది, నెల తిరక్కుండా పేరొచ్చింది, ఆ తర్వాత కొట్టుకోవడం ఆగిపోయింది. ఆటగాళ్ళంతా వెళ్ళి ఒక మైదానంలో బంతి భోజనానికి కూర్చున్నారు. అలా కూర్చున్నవాళ్ళను ఎవరూ చంపలేకపోతున్నారు. గత వారం మనం ఆగింది గురువారం సాయంత్రం దగ్గర. ఆటకు డబ్బు పెట్టిన సింగపూర్ వాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, తమ కళ్ళతో ఒక్క యుద్ధమైనా చూస్తామన్నారు. చూడలేకపోతే కంపెనీకి తాళం వేస్తామనీ అన్నారు. దీనికంతటికీ కారణం ఇస్సాకు అని ఆఫీసులో అందరూ తేల్చేశారు. ఇస్సాకు కూడా కాదనలేదు.

ఇప్పుడు శుక్రవారం పొద్దున.

ఇస్సాకుది నంద్యాల. ఆటలో ఎవరికి ఏ శక్తి ఉండాలో, ఎంత ఉండాలో నిర్ణయించడం అతని ఉద్యోగం. ఈ ఉద్యోగం ఏమిటో వాళ్ళమ్మ లీలావతికి చేరినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆవిడ కూడా సరేలే నాయనా అంటూనే ఉంది. లీలావతి వాళ్ళ చర్చిలో ప్రేమవిందు జరిగిన ప్రతిసారీ వడ్డన ఆవిడదే. చిన్నప్పుడు ఇస్సాకు ఆవిడ వెనకాల నీళ్ళ జగ్గు పట్టుకుని తిరిగినవాడే. అందుకే ఆటలో యుద్ధం చేతకాని ఒక ఆడమనిషికి ఏదైనా శక్తి ఇవ్వమని పైఅధికారి ఛాయాదేవి అడిగినప్పుడు అతనికి వేరే ఆలోచన రాలేదు. ఆ మనిషి ఆకులు వేస్తుంది, పిలుస్తుంది, వడ్డిస్తుంది. కూర్చున్నవాళ్ళ బలమంతా ఒక్కచోట కలుస్తుంది. ఆ తర్వాత ఎవరికి దెబ్బ తగిలినా దాన్ని బంతిలో అందరూ తలా కాస్త పంచుకుంటారు. శక్తి పేరు కూడా ప్రేమవిందే.

చూడడానికి సాధువైన శక్తి. దాని చుట్టూ ఇస్సాకు ఇంకో రెండు రూళ్ళు అల్లాడు, రెండూ ఇంట్లో నేర్చుకున్న మర్యాదలే. ఒకటి, ఆడేవాడి సెంటర్లో కరెంటు పోతే అతని ఆకు తీసెయ్యకూడదు. అతను తిరిగి వచ్చేదాకా ఆ బొమ్మ బంతిలోనే ఉంటుంది. రెండోది, అందరికన్నా ముందు కూర్చున్నవాడు ఆ బంతికి పెద్ద. పెద్ద లేచాకే మిగతావాళ్ళు తమ బలం తాము తీసుకుని లేవాలి. ముందే లేచిపోతే ఆకులో పెట్టిన బలం ఆకులోనే పోతుంది. ఇలాంటివన్నీ రాసుకుని అతను ఎంత ముచ్చటపడ్డాడో ఆఫీసులో అందరికీ తెలుసు, ఎందుకంటే అందరికీ బిర్యానీ తెప్పించాడు.

ఆ ముచ్చటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. ప్రేమవిందును కోడ్‌లోంచి పీకేస్తే సరిపోదా అని మీరడగవచ్చు. ఆఫీసులోనూ అడిగారు. పీకేయవచ్చు, ఐదు నిమిషాల పని. కానీ కూర్చున్నవాళ్ళ బలం బంతిలో ఉంది, వాళ్ళ దగ్గర లేదు. బంతి మాయమైతే ఆ క్షణమే అందరూ సున్నా అయిపోతారు, అంటే చచ్చిపోతారు. రోజూ సాయంత్రాలు కూర్చుని పెంచుకున్న మనుషులు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమంటే ఎంతమంది మొదలుపెడతారో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

పదిన్నరకు ఛాయాదేవి ఇస్సాకును మీటింగు రూముకు పిలిచింది. ఆటల విభాగానికి ఆవిడే హెడ్డు. పుట్టింది, పెరిగింది బెంగళూరులోనే, తాతలు ఎప్పుడో హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంగ్లీషులో మాట్లాడితే కోపం లేనట్టు, తెలుగులోకి దిగితే సంగతి ముదిరినట్టు లెక్క. ఆ రోజు తలుపు వేయకముందే తెలుగులోకి దిగింది.

“కూచోప్పా. ఒక్కటే అడుగుతా. ఏ ఆటలోనైనా ఇట్లాంటి దానికి ఇంతమందే అని ఒక నంబరు పెడతారు. పదిమందో, ఇరవైమందో. నువ్వెందుకు పెట్టలే?”

ఇస్సాకు దీనికి జవాబు చాలా రకాలుగా సిద్ధం చేసుకుని వచ్చాడు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో అడిగేసరికి నిజం బయటికొచ్చింది.

“తినేవాళ్ళను లెక్కపెట్టకూడదు కదా మేడమ్.”

ఈ మాట సింగపూర్ వాళ్ళకు చెబితే పిచ్చిమాటలా ఉంటుంది. ఛాయాదేవికి అలా అనిపించలేదు, అసలు చిక్కు అదే. వాళ్ళింట్లోనూ అంతే. వరసలో కూర్చున్నవాళ్ళను వేలు చూపించి ఒకటి రెండు అని లెక్కపెట్టినందుకు చిన్నప్పుడు మేనత్త చేతిలో దెబ్బ తింది. ప్రేమవిందు కాగితాలు ఆవిడ బల్ల మీదికి వచ్చినప్పుడు పైనుంచి కిందిదాకా చదివి, ఎంతమంది అని అడక్కుండా సంతకం పెట్టింది. అడగాలని తోచలేదు. ఈ ఒక్క ప్రశ్న వేరే ఊరివాడు ఎవడైనా మొదటి రోజే అడిగి ఉండేవాడు. ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరూ మర్యాదస్థులే కాబట్టి, ఒక ఆటను ఇలా ముంచారు.

అయితే సంతకం సంగతి ఆవిడ ఎత్తలేదు. పొద్దున్నే సింగపూర్‌కు ఫోన్ చేశాననీ, తప్పు ఎవరిదని వాళ్ళు అడిగితే పేరు చెప్పక తప్పలేదనీ చెప్పింది. ఆ మనిషిని ఇవాళే తీసేస్తున్నాం అని కూడా చెప్పిందట. వాళ్ళు కాస్త మెత్తబడ్డారట. ఇదంతా కిటికీలోంచి కింద పార్కింగులో కార్లను చూస్తూ చెప్పింది.

ఇస్సాకుకు బాధ కలిగింది. ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ భయం వారం నుంచీ ఉన్నదే. తనకు చెప్పకముందే సముద్రం అవతలివాళ్ళకు చెప్పినందుకు. నాలుగేళ్ళు ఒకే గదిలో పనిచేసిన మనిషి ముందు తనతో ఒక మాట అని ఉండాల్సింది. ఎప్పుడు వెళ్ళాలి అని మాత్రం అడిగాడు.

అప్పుడే ఫర్హానా తలుపు తోసుకుని వచ్చింది.

ఫర్హానాది కర్నూలు. ఆట సరిగ్గా నడుస్తోందా లేదా అని రోజంతా కనిపెట్టి ఉండడం ఆమె పని. ప్రేమవిందు మీద ఆఫీసంతా తీర్పు చెప్పేశాక కూడా ఆమెకు ఒక లెక్క కుదరలేదు. ఇస్సాకు రూలు దెబ్బను పంచుతుంది, కొత్తగా బలాన్ని పుట్టించదు. ఎంతమంది కూర్చున్నా వాళ్ళ బలానికి ఒక అంతు ఉండాలి. పెద్ద సైన్యం వచ్చి పడితే ఆ అంతు ఎప్పుడో ఒకప్పుడు తేలాలి. బుధవారం ఆమె కంపెనీ చేతిలో ఉన్న సైన్యం మొత్తాన్నీ ఆ బంతి మీదికి తోలి చూసింది. బంతిలో ఒక్కరి బలం కూడా ఆవగింజంత తగ్గలేదు. తగ్గాలి కదా, ఎందుకు తగ్గలేదు? ఈ ప్రశ్నకు ఎవరూ చెవి ఇవ్వలేదు, యుద్ధం చూపించే హడావిడిలో ఉన్నారు. ఆమె ఒక్కతే దాన్ని పట్టుకుని వేలాడింది.

రోజూ ఆమె చూసే జాబితాలో బయటి ఆటగాళ్ళే ఉంటారు. కంపెనీ మనుషులు ఆటను పరీక్షించడానికి వాడే ఖాతాలు అందులో కనపడవు. ఆ ఖాతాలకు చావు ఉండదు, బలానికి అడుగూ ఉండదు. లేకపోతే పరీక్ష చేస్తున్న ప్రతిసారీ ఎవడో ఒకడు వచ్చి నరికిపోతాడు. శుక్రవారం పొద్దున ఆమె ఆ ఖాతాలను కూడా కలిపి, ఎవరు ముందు కూర్చున్నారో ఆ వరసలో మొత్తం బంతి జాబితాను బయటికి తీసింది.

“సారీ మేడమ్, డిస్టర్బ్ చేస్తున్నాను. ఇస్సాకు రూల్ తప్పు కాదు. బంతిలో మన కంపెనీ అడ్మిన్ అకౌంట్ ఒకటి కూర్చుని ఉంది. దాని బలమే అందరూ తింటున్నారు. ఆట రిలీజ్ కాకముందు నుంచీ అక్కడే ఉంది, అందరికన్నా ముందు కూర్చున్నది కూడా అదే. పేరు రామాంజినప్ప.”

ఆ పేరు ఎవరిదో ఇస్సాకుకు తెలియదు. ఫర్హానాకూ తెలియదు, తెలిసి ఉంటే అంత గట్టిగా చదివేది కాదు. ఛాయాదేవి కుర్చీ లాక్కుని కూర్చుంది.

రామాంజినప్ప ఛాయాదేవి తండ్రి. బెంగళూరులోనే పీణ్యలో లేతు మిషన్ల షాపు నడిపి, ఈమధ్యే కొడుక్కు అప్పగించి ఇంట్లో ఉంటున్నాడు. ఏ పెళ్ళికి పోయినా ఆయన్ను బంతి మొదట్లో కూర్చోబెడతారు, ఆయన ఒక్కో మెతుకూ పలకరించి తింటాడు, ఆయన లేచేదాకా పిల్లలంతా ఎండిన చేతులతో కాచుకుని ఉండాలి. వేసవిలో ప్రేమవిందు మొదటిసారి నడిచిన రోజున ఛాయాదేవి సరదాపడి తన అడ్మిన్ అకౌంటులో తెల్లపాగా కట్టిన ఒక ముసలాయన్ను చేసి, నాన్న పేరే పెట్టి, అందరికన్నా ముందు ఆకు దగ్గర కూర్చోబెట్టింది. ఇస్సాకు పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాడు కానీ పేరు గమనించలేదు, ఆ ముసలాయన్ను ఆవిడ ఆ రోజే లేపేసిందనుకున్నాడు. ఇంతలో పై అంతస్తు నుంచి పిలుపొచ్చింది. ఆవిడ లేచి వెళ్ళింది. ముసలాయన్ను లేపడం మరిచిపోయి కంప్యూటర్ కట్టేసింది. ఆకు ఎవరూ తీయలేదు, తీయకూడదని రూలు. ఆట విడుదలయ్యాక ఆ మైదానంలోకి వచ్చినవాళ్ళకు ఎవరో పెద్దాయన ఆకు ముందు ఒక్కడే కూర్చుని కనిపించాడు. పక్కన చోటుంది. కూర్చున్నారు.

చేయి కడుక్కోకుండా బంతిలోంచి వెళ్ళిపోవడం ఎంత తప్పో పీణ్యలో ఏ పిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆ తప్పు చేసింది ఛాయాదేవి.

ఆవిడ ఫర్హానాను బయటికి పంపింది. తర్వాత ఆవిడ చెప్పినదాన్ని నేను కుదించి చెబుతాను, పూర్తిగా చెబితే ఆవిడకే అన్యాయం జరుగుతుంది. తాను మరిచిపోవడం నిజమే అంది. రామాంజినప్పను లేపితే బంతి లేస్తుంది, అందరి బలం అందరికి వస్తుంది, యుద్ధం జరుగుతుంది, ఆట బతుకుతుంది, అదీ నిజమే అంది. కానీ అడ్మిన్ అకౌంటు ఆటలో వేలు కదిపినా ఆ కబురు సింగపూర్‌కు పోతుంది, ఎవరి అకౌంటో, ఎప్పటి నుంచి అక్కడ ఉందో అన్నీ పోతాయి. పొద్దున ఒకడి పేరు చెప్పి, మధ్యాహ్నం అది నేనే అంటే ఆ తర్వాత తన మాటకు విలువ ఉండదు. వాళ్ళు తననే తీసేస్తారు. కాబట్టి ఇంకో దారి. ప్రేమవిందును పీకేయడం. బంతిలో ఉన్నవాళ్ళు పోతారు, పోనీ, ఇంకా బంతిలో కూర్చోని కొత్తవాళ్ళు కొందరున్నారు, వాళ్ళతో ఒక యుద్ధం చూపించవచ్చు.

“నీకు ఇరవై తొమ్మిదప్పా. బెళ్ళందూరులో రేపే ఇంకో పని దొరుకుతాది. నాకు నలభై రెండు. ఈ ఊర్లో ఆటల కంపెనీలు నాలుగో ఐదో ఉండాయి, అందరికీ అందరూ తెలుసు. నా పేరు పోతే నేను మళ్ళీ లెయ్యలేను. నువ్వు సుమ్నె ఉండు చాలు, ఏమీ మాట్లాడొద్దు, నేనేమీ అబద్ధం చెప్పమంటంలే.”

అడగడం కూడా మర్యాదగానే అడిగింది. కోపం రావాల్సిన చోట ఇస్సాకుకు జాలి వచ్చింది, ఆ జాలి అతనికే నచ్చలేదు. బంతిలో ఉన్న జనం ఏం పాపం చేశారు మేడమ్ అని అడిగాడు. ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. అతను తన బల్ల దగ్గరికి వెళ్ళి, మగ్గూ, చార్జరూ, టేబుల్ అద్దం కింద పెట్టుకున్న వాళ్ళమ్మ ఫోటో సంచిలో వేసుకుని, సెక్యూరిటీ దగ్గర కార్డు ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఫర్హానా మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత సింగపూర్ వాళ్ళ విమానం దిగిందని కబురొచ్చింది. వాళ్ళ కారు మారతహళ్ళి ట్రాఫిక్కులో ఇరుక్కుంది, దానికి ఆఫీసులో అందరూ మనసులో దణ్ణం పెట్టుకున్నారు. ఛాయాదేవి ఫర్హానాను పిలిచి ప్రేమవిందు తీసేయడానికి అంతా సిద్ధం చేసుకోమంది. చెప్పగానే నొక్కు, చెప్పేదాకా ఆగు అంది. ఫర్హానా మొహం ముడుచుకుని కూర్చుంది కానీ పని చేసింది. అది ఆమె ఉద్యోగం.

తర్వాత ఛాయాదేవి తన గదిలో తలుపు వేసుకుని, వేసవి తర్వాత మొదటిసారి ఆ అకౌంటు తెరిచింది. లోపలికి వెళ్ళి చూసినంత మాత్రాన సింగపూర్‌కు కబురు పోదు, ఏదైనా చేస్తేనే పోతుంది. ఏమీ చేయదలచుకోలేదు. ఎందుకు తెరిచిందని ఆవిడను అడిగితే చెప్పలేదేమో. నాకు తోచింది చెబుతాను. పొమ్మనబోయే ముందు మొహాలు చూడాలనిపించింది.

తెర మీద ఎర్రమట్టి మైదానం, దాని మీద వరసలు వరసలుగా ఆకులు. చివరి వరస తెరకు అందడం లేదు. కింద ఆటగాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటున్నారు. పీణ్యలో ఒక సెంటర్ నుంచి ఆడే జాయ్ అనే అతను ఇవాళ షిఫ్టుకు పోవాలి, నా ఆకు చూస్తుండండి అంటున్నాడు. నర్సింగు హాస్టల్లో ఉండే ఒకమ్మాయి పరీక్ష పాసైందట, అందరూ శుభాకాంక్షలు చెబుతున్నారు. మొన్నటిదాకా ఒకరి బురుజు ఒకరు తగలబెట్టినవాళ్ళు వీళ్ళు. యుద్ధం కోసం చేసిన ఆటలో వీళ్ళిలా కబుర్లాడుకుంటూ కూర్చోవడం వ్యాపారానికి నష్టమే, ఆవిడ కాదనదు. కానీ ఆవిడ చూస్తున్నది వాళ్ళను కాదు. రామాంజినప్ప ముందున్న ఆకును చూస్తోంది.

ఆకు నిండిపోయి ఉంది. అన్నం, పప్పు, వడలు, పాయసం, ఒకదాని మీద ఒకటి. బంతిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ ముందు పెద్దాయనకు వడ్డించి తర్వాత తాము కూర్చుంటున్నారు. అలా చేయాలని ఆటలో రూలేమీ లేదు, ఇస్సాకు రాయలేదు. వాళ్ళే పెట్టుకున్నారు. ఆయన తినడనీ మాట్లాడడనీ తెలిసినా వడ్డిస్తూనే ఉన్నారు. ఆవిడకు సిగ్గు వేసింది. ఇలా సిగ్గుపడి చాలా ఏళ్ళయింది కాబట్టి అది సిగ్గని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

అప్పుడు ఆ వరసలోకి ఇంకొకరు వచ్చారు. మామూలు మనిషి, మామూలు అంగీ, కత్తి కూడా లేదు. రామాంజినప్ప ఆకులో ఒక గరిటె అన్నం వడ్డించి, పక్కన నేల మీద కూర్చున్నాడు. బొమ్మ తల మీద పేరు ఉంది. ఇస్సాకు.

ఆవిడ సెల్ తీసి అతనికి ఫోన్ చేసింది. వెనకాల స్కూటర్ల చప్పుడు, ఎవరో గంటకు ఎంత అని అడుగుతున్నారు. రోడ్డు అవతలి ఇంటర్నెట్ సెంటర్లోనే ఉన్నాడు.

“ఇస్సాకూ, లెయ్యప్పా అక్కడి నుంచి. వాళ్ళు వస్తా ఉండారు. ఫర్హానా తీసేయబోతాది. నీ మనిషి కూడా పోతాడు.”

“తెలుసు మేడమ్.”

“తెలిసీ ఎందుకు కూచున్నావు?”

“పెద్దాయన ఇంకా కూర్చునే ఉన్నాడు కదా. ఆయన లేవకుండా మేమెలా లేస్తాం?”

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆవిడకు తేలికగా ఉండేది. ఆవిడ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తెర మీద బాణం గుర్తును రామాంజినప్ప దాకా తీసుకెళ్ళింది. ఆయన మీద పెడితే రెండు మాటలు వస్తాయి, కూర్చో, లే అని. రెండూ వచ్చాయి. వేలు మౌస్ మీద ఉంది. ఇంతలో తలుపు తెరుచుకుంది.

రిసెప్షన్ అమ్మాయి పక్కకు తప్పుకుంది. ఆమె వెనక బూడిద రంగు సూటు వేసుకున్న ఒక పెద్దావిడ, ఇద్దరు మగవాళ్ళు ఉన్నారు. వాళ్ళ వెనక నుంచి ఫర్హానా మెడ సాచి, నొక్కనా వద్దా అని కళ్ళతోనే అడుగుతోంది. సూటావిడ నమస్కారాలూ అవీ పెట్టుకోలేదు. నేరుగా తెర దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, వరసల వెంట తెర చివరిదాకా చూసింది. మళ్ళీ మొదటికి వచ్చి, తెల్లపాగా మీద వేలు పెట్టింది. ఈ ముసలాయన ఎవరు, అందరూ ఇతనికే ఎందుకు పెడుతున్నారు అని ఇంగ్లీషులో అడిగింది.

ఫోనులో ఇస్సాకు వింటూనే ఉన్నాడు. ఛాయాదేవి వచ్చినవాళ్ళ మర్యాద కోసం కుర్చీలోంచి లేచింది. తెర మీద రామాంజినప్ప మాత్రం ఇంకా కూర్చునే ఉన్నాడు.